మూడో గుంట

ఇతాతా లోయలో, ఆగస్టు చివర,
చలి ఇంకా ఇల్లు ఖాళీ చెయ్యలేదు.
లుదోవినా గారి కొండవాలు మీద
నేనూ, నా గడ్డపారా, ఒక సీసాడు వెనిగరూ.

ముందు ఎండ ఎటో చూసుకోవాలి.
చిలీలో సూర్యుడు ఉత్తరం పక్కన నడుస్తాడు,
అటు ఒళ్ళప్పగించిన నేలదే అదృష్టం.
దక్షిణపు వాలు మూడింటికే ముసుగు తన్నింది.
దాన్ని కాగితంలో కొట్టేశాను.

మొదటి గుంట మెరక మీద, నడుం లోతు.
చివికిన గ్రానైటు. పిడికిట పడితే
పంచదారలా జారి, వేళ్ళ మీద
అభ్రకం మెరుపు వదిలిపోయింది.
వెనిగర్ చుక్క వేశాను. నురగ లేదు,
అంటే సున్నం లేదు.
బకెట్ నీళ్ళు పోసి గడియారం చూస్తూ కూచున్నాను.
నలభై నిమిషాల్లో తాగేసి
చాలని కూడా అనలేదు నేల.
ద్రాక్షకి ఇలాంటి చెయ్యే కావాలి,
పెట్టీ పెట్టనట్టు పెట్టేది.
కొవ్వెక్కిన మట్టిలో తీగ
ఆకులేసుకుని ఊరేగుతుంది,
కాయ సంగతి మర్చిపోతుంది.

రెండోది, అగ్గి తిన్న జామాయిల్ తోటలో.
బెత్తెడు కింద బొగ్గు పొర,
ఆరేళ్ళ కిందటి వేసవి అది,
కాటుక గీతంత సన్నం.
దాని కింద తవ్విన చోటల్లా వేళ్ళు,
వేళ్ళ మీద తెల్ల బూజు, పుట్టగొడుగు వాసన.
కొత్త మొక్క వేరు తగిలితే చాలు
చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది.
మోళ్ళు పెకలించాలి, ఓట్లు చల్లాలి,
రెండేళ్ళు ఆగాలి అన్నాను.

"రెండేళ్ళా?"
నవ్వింది లుదోవినా. ఎనభై ఒకటి నిండిన నవ్వు,
ముందు పళ్ళు రెండు లేవు.
"తొందర లేదని నేలకి చెప్పు. నాకు చెప్పకు."

మూడోది ఆవిడ అడిగిన చోట.
వాగు పక్క పల్లం, పెరటి గుమ్మానికి అరవై అడుగులు,
చేతికర్ర ఓపగలిగిన దూరం.
నీరు పల్లమెరుగు.
చల్లగాలీ ఎరుగు.
రాత్రి కొండ దిగొచ్చి
గొర్రెల మందలా ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటుంది.
తెల్లారేసరికి చిగుళ్ళు నల్లబడతాయి.
చీకటి పడ్డాక తడిగడ్డి రాజేసి చూశాను,
పొగ పైకి పోలేదు,
వాగు దాకా ఒరిగి అక్కడే నిలబడిపోయింది.

నాలుగు రాత్రులు థర్మామీటర్ ఉంచుతానన్నాను.
"దేనికి? అక్కడ ఆరేసిన దుప్పట్లు
అక్టోబరు దాకా పొద్దున్నే
రేకుల్లా నిలబడతాయి."

తెలిసే అడిగిందన్నమాట.

పనికిరాదు అని రాశాను.
పెన్ను జేబులో పెట్టి, అలవాటు కొద్దీ
ఇంకో నాలుగు పోట్లు పొడిచాను.
గడ్డపార దేనికో తగిలింది. రాయి చప్పుడు కాదు.
వరద మట్టిలో పూడుకుపోయిన మొదలు,
తొడంత లావు, మెలికలు తిరిగి.
గోటితో గీరితే
పచ్చి.
పట్టుకుని వెతుక్కుంటూ పోయాను,
ముళ్ళపొదలోంచి, రాతిగోడ పగుల్లోంచి
మైతెన్ చెట్టు దాకా.
తల పైకెత్తాను.
ఆకు రాల్చిన తీగ, మోకు లావున,
కొమ్మ మీంచి కొమ్మకి,
కొసన ఎండిన గుత్తి తొడిమలు.
మంచు దానికి నడుం దాకానే అందింది.

"అదా? మా అత్త నాటింది.
గుంజలు కొనే డబ్బుల్లేక చెట్టుకెక్కించింది.
ఇప్పుడు పిట్టలదే పంట."
అంటూ లుదోవినా అటు చూడనైనా లేదు,
నా బూట్ల మట్టి తన గడప దాటకుండా
కర్ర అడ్డం పెడుతోంది.

దీపం దగ్గర కాగితం మళ్ళీ తీశాను.
నాటదగిన విస్తీర్ణం, అని ఒక గడి.
మెరక: రెండెకరాలు.
పల్లం దగ్గర కొట్టివేత మీద దిద్ది
ఇలా రాశాను:
ఒక చెట్టు. నిచ్చెన ఉంటే.